కండక్టరమ్మ చేయించిన పిట్టలు

ముప్ఫై ఒక్క ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసిన మనిషి గొంతు ఉద్యోగం దిగిపోయిన మర్నాడే తగ్గిపోతుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మా వీధి చివరింటి కింది వాటాలో ఉండే కండక్టరమ్మ రిటైరై ఇంటిపట్టున ఉన్న మొదటి నెలంతా వీధిలో ఎవరికీ అలారంతో పనిపడలేదు. పాలవాడితో మాట్లాడినా, పక్కింటి కుళాయి కారుతోందని చెప్పినా, వెనక సీటుదాకా వినపడేలా చెప్పడమే ఆవిడకు అలవాటు. వంటింటి గుమ్మంలో మొగుడు నిలబడితే "ముందుకు జరగండి, దారివ్వండి" అనేది. ఆయన జరిగేవాడు.

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. కిటికీ దగ్గర చిన్న బల్ల, కంటికి బిగించుకున్న భూతద్దం, చేతిలో సన్నటి పట్టకారు. ఆ పట్టకారు కొసన ఆవగింజలో సగం కూడా ఉండని మరలు. ఆవిడ వెనకనుంచి ఒక్క కేక వేసిందంటే మర ఎగిరిపోయేది. తర్వాత గంటసేపు భార్యాభర్తలిద్దరూ టార్చిలైటు పట్టుకుని నేలమీద పాకేవారు. అలా ఏడో ఎనిమిదో మరలు పోయాక, రోజుకు నాలుగు మాటలు మించి ఆడని ఆ మనిషి అన్నం దగ్గర నోరు విప్పాడు.

"రోజూ కాసేపు బయటికెళ్లి రారాదూ? బావుంటుంది."

"ఎవరికి? నాకా, మీకా?"

"ఇద్దరికీ."

ఎక్కడికని వెళ్తుంది? ఆవిడకు టికెట్లు కొట్టడం కాక తెలిసిన చేతిపని ఒక్కటే, కాగితంతో పిట్టలు చేయడం. అదీ బస్సులోనే అబ్బింది. ఎండాకాలం మధ్యాహ్నం కిక్కిరిసిన బస్సులో చంటిపిల్లలు ఏడుపు లంకించుకుంటే తల్లులు ఏం చేయలేక తలలు దించుకునేవారు. మిషన్లో అచ్చు సరిగ్గా పడక పాడైపోయిన టికెట్ కాగితాన్ని కండక్టరమ్మ సంచిలో దాచి ఉంచేది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, చెవిమీది ఎర్రపెన్నుతో ముక్కుకు రంగేసి పిల్ల చేతిలో పెట్టేది. ఆ పిల్ల ఏడుపు ఆపేది. తనకు లేదని పక్కపిల్ల మొదలుపెట్టేది.

ఒకసారి చెకింగ్ ఇన్‌స్పెక్టరు నడిమధ్యలో బస్సెక్కి, ముందు సీట్లోని కుర్రాణ్ని టికెట్ చూపించమన్నాడు. వాడు పిట్ట రెక్కలు ఆడించి చూపించాడు. ఇన్‌స్పెక్టరు తలెత్తి చూస్తే బస్సులో తొమ్మిదిమంది పిల్లలు, తొమ్మిది పిట్టలు, తొమ్మిది ఎర్రముక్కులు. ఇవేమిటని నిలదీస్తే ఆవిడ తొణక్కుండా, పిట్టలు సీటు తీసుకోవు కనుక వాటికి టికెట్ కొట్టలేదని చెప్పింది. వారం తిరక్కుండా మెమో వచ్చింది. మెమో కాగితం దళసరి కాబట్టి దాంతో చేసిన పిట్ట చాలా ఏళ్లు చెక్కుచెదరకుండా నిలిచిందని ఆవిడే చెప్పేది.

పోస్టాఫీసు మీది మేడలో మా లైబ్రరీ. రెండే గదులు. పెద్దది చదువుకునే గది, చిన్నది పిల్లల గది. పిల్లలెవరూ రావడంలేదని చిన్నగదికి తాళంవేసి, అందులో విరిగిన కుర్చీలు పేర్చారు. కండక్టరమ్మ అక్కడికి వెళ్లి, ఆ గది తెరిస్తే పిల్లలకు పిట్టలు చేయడం నేర్పుతానంది. లైబ్రరీ సారు నలభై దాటిన సన్నటి మనిషి. నిశ్శబ్దమంటే చెవికోసుకుంటాడు. నాలుగు గోడలమీదా "నిశ్శబ్దం పాటించండి" అని నాలుగు బోర్డులు పెట్టిందీ ఆయనే. ఆవిడ గొంతు సంగతి వీధిలో ఎవరికి తెలియదు? అయినా కాదనలేకపోయాడు. శనివారాలు మూడు నుంచి అయిదు వరకు, తలుపు మూసుకుని, గట్టిగా మాట్లాడకుండా అయితే సరేనన్నాడు. అలాగే సారూ, చీమ చిటుక్కుమన్నా అడగండి అంది ఆవిడ. ఆ మాట కింద స్టాంపులు అమ్ముతున్నాయనకు కూడా వినపడింది.

మొదటి వారం నలుగురు పిల్లలొచ్చారు. నెల తిరిగేసరికి పదకొండుమంది. వాళ్లలో ఎవరు ముందు అల్లరి మొదలుపెట్టారో వాళ్ల అమ్మ కూడా చెప్పలేని కవలలు ఇద్దరు. ఇంకో ఏడేళ్ల పిల్ల, దేనికైనా "ఎందుకు?" అనందే కదలదు. అందరూ దాన్ని ఎందుకమ్మ అనేవారు. పిట్టకు రెండు కాళ్లెందుకు, జిగురు అంటుకోవడమెందుకు, మనకు రెక్కల్లేకపోవడమెందుకు. కండక్టరమ్మ మొదటి మూడింటికి జవాబు చెప్పి నాలుగోదానికి కత్తెర చేతికిచ్చేది.

పని పద్ధతిగా సాగేది. చెప్పుల డబ్బాల అట్టమీద పిట్ట ఆకారం గీసి, ఒకేలాంటివి రెండు కత్తిరించాలి. వీపు వెంబడి రెండింటినీ అతికించి, పొట్టలో నలిపిన పాత పేపర్లు కూరి, కింద కూడా మూసేయాలి. నడుముకు గాటుపెట్టి, విసనకర్రలా మడతలు పెట్టిన కాగితాన్ని అందులోంచి అటూ ఇటూ లాగితే రెక్కలు. కాళ్లకు సన్నటి తీగ. కళ్లకోసం గడియారాలాయన పాత వాచీల కీ బొడిపెలు ఒక డబ్బానిండా ఇచ్చాడు. పైన పేపరు ముక్కలు అతికించి, తెల్లరంగు పూసి ఆరాకే అసలు రంగు వేయాలి. కవలలకు ఆగే ఓపిక ఎక్కడిది? తెల్లరంగు ఎగ్గొట్టి ఎర్రరంగు పులిమేసరికి, వాళ్ల పిట్ట రొమ్ముమీద "వంటమనిషి కావలెను" అన్న పెద్దక్షరాలు అలాగే కనిపించేవి.

రెండునెలల తర్వాత ఒక శనివారం కండక్టరమ్మ బల్లమీది పిట్టలన్నిటినీ వరసగా నిలబెట్టి చూసింది. అన్నీ చిలకలే. అన్నీ పచ్చవే. అన్నీ ఎడమవైపే చూస్తున్నాయి.

"ఏమర్రా, బస్సులో అరవైమంది ఎక్కితే అరవై మొహాలుంటాయి. వీటన్నిటికీ ఒక్క మొహమేంటి?"

అప్పుడు ఆవిడ పిల్లల్ని లైబ్రరీ మెట్లమీద కూర్చోబెట్టి, మనుషుల్ని చూడడం నేర్పింది. చిల్లర ఎగ్గొట్టేవాడు దూరంనుంచే ఎలా తెలిసిపోతాడో, దిగాల్సిన స్టాపు దాటిపోయినా సిగ్గుపడి చెప్పనివాళ్లు మెడ ఎలా పెడతారో, ముప్ఫై ఒక్క ఏళ్లలో తను చూసిందంతా చెప్పింది. తర్వాత వీధిలో పోతున్న ఒక్కొక్కరినీ చూపించి, ఈయన పిట్టయితే ఏ పిట్ట, ముక్కెలా ఉంటుంది, ఎలా నిలబడుతుందని అడిగింది. పిల్లలు ఇక ఆగలేదు. కళ్లలో వత్తులు వేసుకుని చూశారు. ఏ పిట్ట ఎవరో బయటపెట్టినవాళ్లు రెండు శనివారాలు అందరి బ్రష్‌లూ కడగాలని చట్టం కూడా చేసుకున్నారు.

లైబ్రరీ సారుకు ఇదేమీ తెలియదు. చిన్నగదిలో ఉలుకూ పలుకూ లేకపోవడం చూసి పిల్లలు బాగుపడ్డారనుకున్నాడు. తలుపు సందులోంచి ఎందుకమ్మ కన్ను ఒకటి తన్నే చూస్తున్న సంగతి ఆయన గమనించలేదు. పిల్లలు అంత బుద్ధిగా ఉంటున్నారని మెచ్చి, ఒక ఆదివారం పెద్దగదిలో పిట్టల ప్రదర్శన పెట్టుకోవచ్చని ఆయనే నోరారా అన్నాడు.

ఈ గోడనుంచి ఆ గోడకు దారాలు కట్టి ఇరవైమూడు పిట్టల్ని వేలాడదీశారు. ఫ్యాను గాలికి మెల్లగా తిరుగుతున్నాయి. కింద పేర్లేమీ రాయలేదు. మొదట తల్లిదండ్రులు వచ్చారు. పది నిమిషాలకు ఒకరు పొట్ట పట్టుకుని నవ్వుతూ మెట్లు దిగారు. వాళ్లను చూసి ఇంకో ఇద్దరు ఎక్కారు. మధ్యాహ్నానికి వీధి వీధంతా మేడమీదే ఉంది.

చిత్రమేమిటంటే, అందరూ అందర్నీ గుర్తుపట్టారు. తన్ను తాను మాత్రం ఒక్కరూ గుర్తుపట్టలేదు.

కళ్లజోడు నుదుటిమీదికి నెట్టుకుని, చీటీని బారెడు దూరంలో పట్టుకున్న గుడ్లగూబను చూసి మందుల షాపాయన, గడియారాలాయన్ని ఎంత బాగా దింపారని మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటున్నంతసేపూ ఆయన కళ్లజోడు నుదుటిమీదే ఉంది. మూడో ఇంటి మేడమీద పిన్నిగారు పొద్దుట లేచింది మొదలు బాల్కనీ కమ్మీమీంచి వంగి, ఎవరి సంచిలో ఏముందో చూస్తూంటుంది. మెడ సాగదీసి, ఒక కన్ను పెద్దగా ఒక కన్ను చిన్నగా కిందికి చూస్తున్న బాతును చూపించి, ఇది మా ఎదురింటావిడే, ఎప్పుడూ మా ఇంట్లోకే చూస్తుంటుందని పదిమందికి చెప్పింది. లైబ్రరీ సారు కొంగ కింద ఆగాడు. ఆ కొంగ ఒంటికాలిమీద నిలబడి రెండో కాలితో పిక్క గోక్కుంటోంది. ముక్కు తెరుచుకోకుండా రబ్బరుబ్యాండు వేసి ఉంది. ఎవరో గానీ మంచి పద్ధతైన మనిషి అని ఆయన తృప్తిగా తలూపాడు, పిక్క గోక్కుంటూ.

అక్కడికి సరదాగానే ఉంది. నాలుగింటికి ట్యూషన్ మాస్టారు వచ్చారు. ఎర్రటి కుచ్చు దువ్వి నిలబెట్టిన వడ్రంగి పిట్ట ఆయన్ని ఆకట్టుకుంది. అట్టతో చేసిన కొయ్యదుంగను అది ముక్కుతో పొడుస్తోంది. గాలికి ఊగినప్పుడల్లా టక్కుటక్కుమంటోంది. మాస్టారు విరగబడి నవ్వి, ఇది ముమ్మాటికీ మన ప్లంబరే, స్పానరుతో ఎక్కడ చూసినా పైపులు కొడుతుంటాడన్నారు. సరిగ్గా అప్పుడే ప్లంబరు మెట్లెక్కి వచ్చాడు. మాస్టారు అతన్ని పిలిచి పిట్టను చూపించి, అదే మాట మళ్లీ చెప్పారు. ప్లంబరు పిట్టను చూశాడు. మాస్టార్ని చూశాడు. మాస్టారి చేతిలోని పెన్ను బల్ల అంచుమీద టక్కుటక్కుమని ఆడుతోంది. మాట్లాడేటప్పుడు అది ఆయన అలవాటు.

"మాస్టారూ, ఒక్కసారి ఆ పెన్ను ఆపండి," అన్నాడు ప్లంబరు.

మాస్టారు ఆపారు. గదంతా ఆగిపోయింది. నాలుగు బోర్డులు ఇన్నేళ్లుగా అడుగుతున్న నిశ్శబ్దం అప్పుడు వచ్చింది. తర్వాత కవలల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. ఇక ఎవరూ ఆగలేకపోయారు.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆయన చెడ్డమనిషి కాదు. వీధిలో సగంమందికి లెక్కలు వచ్చింది ఆయనవల్లే. అలాంటి మనిషిని తన దగ్గర చదువుకునే పిల్లల ముందే నవ్వులపాలు చేశారు. ఆయన నేరుగా కండక్టరమ్మ దగ్గరికెళ్లారు.

"పిల్లలకు మీరు నేర్పేది ఇదా? పెద్దవాళ్లను వెక్కిరించడమా?"

ముప్ఫై ఒక్క ఏళ్లు ఎవరికీ మాట బాకీ పడని మనిషి ముందు తలెత్తి పిట్టలకేసి చూసింది. "ఏ పిట్ట కిందా పేరు రాయలేదు కదా మాస్టారూ," అంది చివరికి.

"అందరూ నన్నే అంటున్నారు."

"అందరూ ఎక్కమన్నారని ఎక్కేస్తామా? మన బస్సో కాదో మనమే చూసుకోవాలి."

నోట్లోంచి వచ్చాక తెలిసింది, అది నవ్వుకు పనికొచ్చే మాటే గానీ ఆయనకు ఇవ్వాల్సిన జవాబు కాదని. మాస్టారు ఫిర్యాదుల పుస్తకం అడిగి తీసుకున్నారు. అందులో ఆరేళ్లకిందట ఎవరో ఫ్యాను చప్పుడు గురించి రాసిన ఫిర్యాదు తప్ప ఇంకేమీ లేదు. దాని కింద అరపేజీ రాసి, సంతకం పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయారు. వచ్చే శనివారం ఫిర్యాదు విచారించి, అవసరమైతే పిట్టల్ని దించేస్తానని లైబ్రరీ సారు ప్రకటించాడు.

ఇంట్లో రెండు రోజులు కండక్టరమ్మ గొంతు వినపడలేదు. మూడో రోజుకు గడియారాలాయనకు భయం వేసింది. భూతద్దం తీసి పక్కన పెట్టి, ఏమైందని అడిగాడు. ఆవిడ చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించాడు.

"ఆ పిట్ట చేసిందెవరు?"

"ఎందుకమ్మ."

"ఎందుకు చేసిందో అడిగావా?"

అడగలేదు. లోకంలో అందర్నీ ఎందుకని అడిగే పిల్లను ఆ మాట అడగాలని ఎవరికీ తట్టలేదు. కండక్టరమ్మ ఆ సాయంత్రమే వెళ్లి అడిగింది. అడిగాక, ఆ పిల్లను చెయ్యిపట్టుకుని మాస్టారింటికి తీసుకెళ్లింది. మాస్టారు తలుపు తీసి, లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. తనకు చెప్పిన మాటే ఆయనకూ చెప్పమంది కండక్టరమ్మ. ఎందుకమ్మ ఆయన చేతిలోని పెన్నునే చూస్తూ నిలబడింది.

"నేను అడిగితే అందరూ పోవే అంటారు," అంది. "మీరొక్కరే టక్కుటక్కుమంటారు. అలా అన్నాక జవాబు వస్తుంది. అందుకని మీకు అన్నిటికన్నా మంచి రంగేశాను. మూడుసార్లు వేశాను."

మాస్టారు పెన్ను జేబులో పెట్టుకున్నారు. మళ్లీ తీశారు. లోపలికి వచ్చి కూర్చోమన్నారు.

శనివారం లైబ్రరీ సారు విచారణ కోసం ఫిర్యాదుల పుస్తకం తెరిచి నోరెళ్లబెట్టాడు. మాస్టారి ఫిర్యాదు కింద ఇంకో ఎనిమిది ఉన్నాయి. ఇరవైరెండేళ్లుగా ఈ వీధిలో ఉంటున్నా నా పిట్ట ఎందుకు చేయలేదని మేడమీద పిన్నిగారు నిలదీసింది. వీధికంతటికీ మందులిచ్చే మనిషి ఈ పిల్లల కంటికి ఆనలేదా అని మందుల షాపాయన బాధపడ్డాడు. తన్ను కాకి చేసినా ఏమీ అనుకోనని, కాకిని కూడా చేయకపోవడమే బాధగా ఉందని పోస్టుమాన్ రాశాడు. మిగతా అయిదుగురి గోడూ అదే. ఆ ఎనిమిదిమంది పిట్టలూ వాళ్ల నెత్తిమీదే తిరుగుతున్నాయి. ఆ ముక్క చెప్పే ధైర్యం పదకొండుమంది పిల్లల్లో ఒక్కరికీ లేదు. బ్రష్‌లు కడగాల్సి వస్తుంది కదా.

మాస్టారు అయిదింటికి, జనం పలచబడ్డాక వచ్చారు. తన ఫిర్యాదు కొట్టేయమన్నారు. ఒకసారి రాసింది కొట్టేయడానికి రూలు ఒప్పుకోదన్నాడు సారు. పోనీ ఆ వడ్రంగి పిట్టను ఇంటికి తీసుకెళ్లవచ్చా అని మాస్టారు గొంతు తగ్గించి అడిగారు. లైబ్రరీ వస్తువు ఏదైనా కార్డుమీదే బయటికెళ్లాలని, గడువు పద్నాలుగు రోజులని సారు చెప్పాడు. మాస్టారు కార్డు తీశారు. అలా మా లైబ్రరీలో పుస్తకాలతోపాటు పిట్టలు కూడా బయటికివ్వడం మొదలైంది. మాస్టారు ఆ పిట్టను ఇప్పటికి పదకొండుసార్లు రెన్యూ చేయించారు.

ఆ సంగతి తెలిసి మిగతావాళ్లూ ఎగబడ్డారు. మేడమీద పిన్నిగారు ఎదురింటావిడను ఉడికించాలని బాతును తీసుకెళ్లి, బాల్కనీ కమ్మీకి కట్టి, దాని పక్కనే తనూ మెడ సాచి నిలబడింది. వీధిలో నడిచేవాళ్లకు ఆ రెండు వారాలూ తలెత్తాలంటే భయం వేసేది, నవ్వు ఆపుకోలేక. గడియారాలాయన ఎన్నడూ లేనిది లైబ్రరీ మెట్లెక్కి, భుజాన సంచీ, ఒంటికన్నా పెద్దగా తెరిచిన నోరూ ఉన్న ఒక కోడిపెట్టను కార్డుమీద తెచ్చుకున్నాడు. అది కవలలు చేసింది. వాళ్లు దాన్ని చేస్తున్నప్పుడు నోరు ఇంకా తెరవండర్రా అని సలహా ఇచ్చింది కండక్టరమ్మే. అది కూరగాయల బండామె పిట్ట అనుకుందట. ఆయన దాన్ని తన బల్లమీద పెట్టుకుంటే, ఎందుకు తెచ్చారు ఈ నోరున్నదాన్ని అని అడిగింది. ఇది అరవదు కదా అన్నాడు ఆయన. ఆవిడ రెండు క్షణాలు ఆ పిట్టను, మూడు క్షణాలు ఆయన్ను చూసి, వంటింట్లోకి వెళ్లింది. అర్థమయ్యే వెళ్లిందో కాదో ఆయన అడగలేదు.

నన్ను కూడా చేశారట. ఏ పిట్టో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. అడిగితే కిసుక్కుమంటారు.

ఇప్పుడు వచ్చిన చిక్కల్లా ఒకటే. శనివారం మధ్యాహ్నం లైబ్రరీ మెట్ల ముందుగా పోయే జనమంతా చొక్కా సర్దుకుని, మెడ నిటారుగా పెట్టి, ఫొటోకు నిలబడ్డట్టు బిగుసుకుపోయి నడుస్తున్నారు. పోస్టుమాన్ అయితే వెళ్లినదారినే మూడుసార్లు వస్తున్నాడు, రెండువైపులా చూపించడానికి. ఇలాంటి మొహాలతో పిట్టలెలా చేస్తామని పిల్లలు గొడవపెడితే, కండక్టరమ్మ వాళ్లను మెట్లమీంచి లేపి, కింద పోస్టాఫీసు కిటికీ బయట వరసగా కూర్చోబెట్టింది. లైన్లో నిలబడ్డవాళ్లు తమను ఎవరో చూస్తున్నారని ఇంకా ఎరగరు. స్టాంపులు అమ్మే ఆయనకు మాత్రం అనుమానం వచ్చినట్టుంది. నాలుక చాచి స్టాంపు తడపబోయి, కిటికీవైపు చూసి, నాలుక లోపలికి తీసుకున్నాడు.

అప్పటికే ఆలస్యమైంది. ఎందుకమ్మ రంగు కలపడం మొదలుపెట్టేసింది.